పిన్నిని నిద్రకు తీసుకెళ్ళిన కోటలు

ఫ్రాన్సు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి, యాంగోన్ పబేడాన్ పేటలో మా టిఫిన్ దుకాణానికి వచ్చే ప్రతి మనిషీ ఒకటే అడుగుతున్నారు, పారిస్‌లో ఆ ఇనప టవరు చూశావా అని. చూడలేదు. విమానంలోంచి కూడా కనబడలేదు, కిటికీ పక్క సీటు నాది కాదు. "మరి అంత డబ్బు పోసి ఏం చూసొచ్చావు?" అంటారు. కోటలు చూశానంటాను. కోట మనకు మాండలేలో లేదా అంటారు. ఇడ్లీలు వడ్డిస్తూ, జనరేటరు చప్పుడు మీద అరుస్తూ చెప్పే సంగతి కాదు గనక కూర్చుని రాస్తున్నాను.

నిజానికి నేను వెళ్ళింది కోటల కోసం కాదు. మా పిన్ని నూకాలమ్మను నిద్రకు తీసుకెళ్ళడానికి. ఈ మాట ఈ కాలం పిల్లలకు విడమర్చి చెప్పాలేమో. ఇంట్లో మనిషి పోతే, కర్మ అయ్యాక, మిగిలినవాళ్ళను అయినవాళ్ళు వచ్చి తమ ఇంటికి తీసుకెళ్ళి మూడు రాత్రులు పడుకోబెట్టుకుంటారు. ఆ నిద్ర అయ్యేదాకా వాళ్ళు మరొకరి గడప తొక్కరు. మా తాతలు గంజాం నుంచి ఓడెక్కి రంగూన్, అంటే ఇప్పటి యాంగోన్, వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవాటిలో చాలావరకు పోయాయి. నా కూతుర్ని తెలుగులో తిడితే బర్మీలో జవాబు చెబుతుంది. నిద్ర మాత్రం మా ఇళ్ళల్లో ఇంకా పోలేదు.

పిన్ని భర్త పియేర్ రాతిపనివాడు. దొరల కాలం నాటి బంగళా ఒకదాన్ని యాంగోన్‌లో హోటలుగా మారుస్తుంటే దాని గోడలు బాగుచేయడానికి వచ్చాడు. పిన్ని అక్కడ వంటమనిషి. ఆయన ఆమె చేతి చేపల పులుసు తిన్నాడు, తర్వాత ఆమెను పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరూ ఆయన దేశం వెళ్ళిపోయారు. పిల్లలు లేరు. మొన్న జనవరిలో పియేర్ పోయాడు.

పిన్నికి పుట్టింటివైపు మిగిలింది అన్నగారు ఒక్కడే, తన్లిన్‌లో ఉండే మా సింహాద్రి మామయ్య. రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యాడు. చెల్లెలంటే ప్రాణం. ఆయన నన్ను పిలిచి పసుపుపచ్చ నేతచీర ఒకటి చేతిలో పెట్టాడు. "దాన్ని నిద్రకి తీసుకొచ్చీయే పారోతీ. ఇక్కడికే. మరి తిరిగి ఎల్లక్కర్నేదు, ఉండిపొమ్మని సెప్పు" అన్నాడు. వెళ్ళి తీసుకురావలసింది ఆయనే, కాని ఆయనకు వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేస్తున్నారు, బాగో నది వంతెన దాటి ఆస్పత్రికి రావడమే ఆయనకు పెద్ద ప్రయాణం. ఆ సంగతి పిన్నికి చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "జాలిపడి రాకూడదే. రావాలనిపిస్తే రావాల" అన్నాడు. ఆయన వెళ్ళలేడు, ఆమె రావాలి. లేకపోతే ఈ అన్నాచెల్లెళ్ళు ఇక ఒకరినొకరు చూసుకోరు. ఆ బరువు నెత్తిన పెట్టుకుని విమానమెక్కాను.

లువార్ ఒడ్డున

పిన్ని ఉండేది లువార్ అనే నది ఒడ్డున చిన్న ఊళ్ళో. నది పెద్దదే, కాని మా ఐరావతిని చూసిన కంటికి ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఇళ్ళన్నీ తెల్లరాయితో కట్టినవి, పైన నల్లటి పలకల కప్పులు. జూన్‌లో తొమ్మిదైనా వెలుతురు పోదు. అంత వెలుతురున్నా ఎనిమిదింటికే కిటికీ తలుపులు మూసేసుకుంటారు, వీధిలో పిల్లి కూడా ఉండదు. మా వీధిలో ఎనిమిదింటికే కదా అసలు బేరం మొదలయ్యేది.

పిన్ని స్టేషనుకు కారు తానే నడుపుకుంటూ వచ్చింది. పొట్టి జుట్టు, పొడుగు కోటు, బుగ్గల మీద మాత్రం చందనంలా అరగదీసి పూసుకున్న మా బర్మా తనకా చెక్క. అరవై ఆరేళ్ళ మనిషి నన్ను గట్టిగా పట్టుకుని, "ఓలమ్మ, ఎంత లావయిపోనావే గుంటా" అంది. ఎనిమిదేళ్ళ తర్వాత చూసి అన్న మొదటి మాట అది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంటి ముందు కారు ఆగగానే ఎదురింట్లోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. పేరు ఒడెట్. ఎనభై దాటి ఉంటాయి, వెన్ను మాత్రం నిటారుగా ఉంది. పిన్ని లోపలికి వెళ్ళాక నన్ను పక్కకు పిలిచి, ఆవిడకొచ్చిన ఇంగ్లీషులో నాకొచ్చిన ఇంగ్లీషుకు తగ్గట్టు అడిగింది. పియేర్ పోయినప్పటినుంచి మదాం నూకాను ఎన్నిసార్లు భోజనానికి పిలిచినా రాలేదట. సూపు చేసి పట్టుకెళితే గుమ్మంలోనే తీసుకుని, గిన్నె మర్నాడు గుమ్మంలోనే ఇచ్చేస్తుందట. అంతకుముందు ముప్పై ఏళ్ళు రోజూ ఒకరింట్లో ఒకరు కాఫీ తాగినవాళ్ళు. "నేను చేసిన తప్పేమిటి?" అంది ఆవిడ.

తప్పేం లేదు, మా పిన్ని నిద్ర కాలేదు అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? చెప్పాను, వచ్చినట్టు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "అంటే నువ్వు రావడం కోసం ఇన్నాళ్ళూ ఆగిందా?" అంది. అవునన్నాను. వీసా కోసం నేను తిరిగిన తిరుగుళ్ళన్నీ ఆ ఒక్క మాటతో గుర్తొచ్చి, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు సిగ్గేసింది.

ఇంట్లో చీర తీసి ఇచ్చాను. పిన్ని మడత విప్పకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది. మామయ్య మాట చెప్పాను, నిద్ర తన్లిన్‌లో అని, ఇక అక్కడే ఉండిపొమ్మన్నాడని. ఆమె ఏమీ ఆలోచించలేదు, జవాబు ముందే కూడబలుక్కున్నట్టు చెప్పేసింది.

"పుట్టింటోళ్ళు ఎక్కడుంటే అదే పుట్టిల్లే. నువ్వొచ్చీసినావు గాదా. నిద్ర ఇక్కడే సేస్తాను."

"ఇక్కడంటే ఎక్కడ? నాకిక్కడ ఇల్లుందా?"

"కోటలో" అంది పిన్ని.

నవ్వాను. ఆమె నవ్వలేదు. పియేర్ ఇరవై ఏళ్ళు ఈ చుట్టుపక్కల కోటల్లో రాళ్ళు మార్చాడట, వాటిలో ఒక చిన్న కోట సొంతదారు మూడు రాత్రులకు గది ఇస్తానన్నాడట. నిద్ర ఎక్కడో ఒకచోట కానీ, మూడు రోజులు చేతిలో ఉన్నాయి, ఈలోగా మనసు మార్చి తీసుకుపోవచ్చు అనుకున్నాను. మొండితనం మా ఇంటి ఆడవాళ్ళ సొత్తు. నాకూ వాటా ఉంది.

మంచం నలగలేదు

ఆ కోట పేరు చెప్పినా ఎవరికీ తెలియదు, పటాల్లో ఉండేంత గొప్పది కాదు. రెండు బురుజులు, ముందు చెరువు, చెరువులో బాతులు. సొంతదారు బెర్నార్ ఒంటరి మనిషి. కోట అంటే పరివారం ఉంటుందనుకున్నాను. ఆయనే తలుపు తీశాడు, ఆయనే పెట్టెలు మోశాడు, ఆయనే గుడ్లు ఉడకబెట్టాడు. అటక మీద వాన కారేచోటల్లా బక్కెట్లు పెట్టుకున్నాడు. సాయంత్రం అన్ని కిటికీలూ మూసుకుంటూ వచ్చేసరికి మొదటి కిటికీ తెరిచే వేళవుతుందని తానే వేళాకోళం చేసుకున్నాడు. తాతల నాటి ఆస్తి గొంతులో వెలక్కాయలా పడి ఉంది పాపం, మింగలేడు, కక్కలేడు.

పిన్ని నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ తెల్లరాయి ఎంత మెత్తనిదంటే గోటితో గీస్తే పొడి రాలుతుంది. వానకూ మంచుకూ అరిగిపోతుంటుంది, ఒక్కొక్క రాయీ తీసి కొత్తది పెడుతుండాలి. కొత్తవి తెల్లగా, పాతవి బూడిదరంగులో. "ఇది ఆయనదే. ఇదీ ఆయనదే. ఇది మాత్రం ఇంకెవడిదో, సందు సూడు ఎంత వంకరగున్నాదో" అంటూ గోడ పొడుగునా నడిచింది. మనిషి పోయాక ఆయన పనికి వంక పెట్టనివ్వదు, బతికున్నప్పుడు రోజూ పెట్టి ఉంటుంది.

గదిలో నాలుగు కోళ్ళ మంచం, పైన పందిరి, ముగ్గురు పడుకునేంత పరుపు. నిద్రకొచ్చిన మనిషి మంచమెక్కదు కదా. ఇంటి నుంచి తెచ్చిన చాప కింద పరిచి ఇద్దరం పడుకున్నాం. పొద్దున్న బెర్నార్ కాఫీ పట్టుకొచ్చి, దుప్పటి మడత కూడా నలగని ఆ మంచాన్ని చూసి మొహం వేలాడేశాడు. మంచం బాగోలేదా, వాసన వస్తోందా, పురుగులున్నాయా అని అడిగాడు. పిన్ని ఫ్రెంచిలో పది నిమిషాలు చెప్పింది. మధ్యలో పియేర్ పేరు వచ్చినప్పుడు ఆయన టోపీ తీశాడు. మర్నాటి సాయంత్రం మేం తిరిగి వచ్చేసరికి, నేల మీద మా చాప కింద ఎత్తుగా రెండు ఉన్ని తివాచీలు, తల దగ్గర మంచినీళ్ళ కూజా ఉన్నాయి. మంచాన్ని గోడవారకు జరిపేశాడు.

ఆ మొదటి పొద్దున్నే నాకో నష్టం జరిగింది. అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయట విడిచాను. మా యాంగోన్ మఖమలు చెప్పులు, కొత్తవి. బెర్నార్ కుక్క ఒకటి ఎత్తుకుపోయి చెరువులో వేసింది. ఆయన కర్ర పట్టుకుని బాతుల మధ్య చాలాసేపు వెతికాడు. నా దగ్గర వేరే జోడు లేదు. పిన్ని కారు డిక్కీ తెరిచి, సున్నం మరకలున్న తోలు బూట్లు తీసింది. పియేర్‌వి. ఆయన పొట్టివాడు, నా పాదాలు పెద్దవి.

"పోయినోళ్ళవి దానమివ్వాల పిన్నీ, ఏసుకోకూడదు" అన్నాను.

"దానమే అనుకోయే. నీకే ఇస్తన్నాను" అంది.

షాంబోర్

అలా చచ్చిపోయిన మా బాబాయి బూట్లు వేసుకుని షాంబోర్ కోట చూశాను. ముందు టికెట్టు గురించి చెప్పాలి. ఆ ధరకు మా వీధి చివర ఒక పెళ్ళివారందరికీ మొహింగా, అంటే చేపల చారులో సేమ్యాలు, పెట్టించవచ్చు. బయట ఒక గుక్కెడు కాఫీ తాగిన డబ్బుతో నలుగురు తినొచ్చు. కాఫీ కప్పు చూసి మిగతాది ఎప్పుడు తెస్తారని అడిగాను, పిన్ని నా మోచెయ్యి గిల్లింది.

కోట మాత్రం కోటే. దూరం నుంచి చూస్తే కప్పు మీద ఇంకో ఊరుంది, అన్ని గోపురాలు, అన్ని పొగగొట్టాలు. వేటకని ఒక రాజు కట్టించుకున్నాడట. కట్టించి, బతుకు మొత్తంలో కొద్ది వారాలే ఉన్నాడట. మిగిలిన రోజుల్లో ఖాళీ. రాజు వస్తే సామాను కూడా ఆయనతోనే వచ్చేది, వెళ్ళిపోతే కుర్చీలు, తెరలు, మంచాలు అన్నీ బళ్ళకెత్తేవారు. వందల గదులు, వందల పొయ్యిలు, వండే మనిషి లేడు. వంటింటి మనిషిని గనక నాకు రాజు మీద కోపమొచ్చింది.

మధ్యలో ఒక వింత మెట్లదారి ఉంది. రెండు మెట్లదారులు ఒకదానినొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. ఒకదాంట్లో ఎక్కేవాళ్ళు రెండోదాంట్లో వాళ్ళను మధ్యనున్న కిటికీల్లోంచి చూడగలరు, కలుసుకోలేరు. పిన్ని, "నువ్వటు పో, నానిటొస్తాను" అంది. సరదాగానే మొదలుపెట్టాం. ఒక కిటికీలో ఆమె మొహం కనబడితే చెయ్యి ఊపాను. రెండో కిటికీలో కూడా కనబడింది. తర్వాత కనబడలేదు. పైదాకా వెళ్ళి ఎదురుచూశాను, రాలేదు. కంగారుపడి ఆమె దారిన కిందికి దిగితే, సగంలో మెట్టు మీద కూర్చుని ఉంది. జనం పక్కనుంచి సర్దుకుని పోతున్నారు.

"ఏటయ్యింది పిన్నీ? మోకాళ్ళా?"

"బూట్లు" అంది. "సందులోంచి నీ మొకం కనబడనేదు, ఎక్కతన్న బూట్లే కనబడినాయి."

నేను విప్పేస్తానన్నాను. వద్దంది, చెయ్యి పట్టుకుని లేచింది. పైన కప్పు మీద గాలిలో నిలబడి అడవి చూశాం. అప్పుడు అడుగుదామనుకున్నాను, ఈ రాళ్ళ మధ్య ఒక్కదానివీ ఏం చేస్తావు, పోదాం రా అని. ఆమె మొహం చూసి నోరు రాలేదు. సాయంత్రం దారిలో కొండ తొలిచి చేసిన హోటల్లో తిన్నాం. వేడి పొయ్యిలోంచి పొంగి వచ్చే రొట్టెలు, అచ్చం మన పూరీల్లాగే, నూనె మాత్రం లేదు. పొట్ట చీల్చి లోపల తెల్ల చిక్కుడు గింజల కూర, మేక జున్ను, అదే చీజు, కూరుకుని తింటారు. మేక జున్ను మొదటి ముక్క మేకలాగే ఉంటుంది. మూడో ముక్కకు బాగుంటుంది. ఆరు రొట్టెలు తిన్నాను.

షెనోన్సో వంటిల్లు

రెండో రోజు చూసిన కోట నది మీద ఉంది. నది ఒడ్డున కాదు, నది మీదే. వంతెనలా కమానుల మీద పొడుగాటి మేడ, కింద నుంచి నీళ్ళు. అటొక తోట, ఇటొక తోట. ఒకటి రాజు పెళ్ళానిది, ఒకటి ఆయన ఉంచుకున్నదానిది. రాజు పోయిన వెంటనే పెళ్ళాం రెండోదాన్ని బయటికి పంపి కోట తీసేసుకుంది. నాలుగు వందల ఏళ్ళ పైమాట ఇది, ఇప్పటికీ చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళందరూ ఏ తోట బాగుందని వాదించుకుంటున్నారు. నేనూ పిన్నీ కూడా వాదించుకున్నాం. నేను పెళ్ళాం పక్షం, ఆమె ఇంకోదాని పక్షం. తోట పనితనం బాగుంది గనకే అట.

నేను మనసు పారేసుకున్న చోటు వంటిల్లు. వంతెన కాళ్ళ లోపల, నీటికి జానెడు పైన ఉంది. చేపలూ కూరగాయలూ పడవలో నేరుగా కిటికీ దగ్గరికి వచ్చేవట. గోడ నిండా రాగి గిన్నెలు వరసగా పెద్దదాన్నుంచి చిన్నదానిదాకా తళతళలాడుతున్నాయి. కొట్టే మొద్దు, కోసే బల్ల, మాంసం తగిలించే కొంకీలు. ఎన్ని వేల భోజనాలు వండి ఉంటారో. పైన గదుల్లో ఫలానా రాణి పడుకున్న మంచం అని బోర్డులున్నాయి, కింద వండినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఆ రాగి గిన్నె అడుగు తోమడానికి ఎంత చింతపండు పట్టి ఉంటుందో నాకు తెలుసు. వాళ్ళకు చింతపండు లేదంటే నిమ్మకాయ అనుకుందాం.

పైన నది మీద పొడుగు హాలు. పిన్ని చెప్పింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఈ నదే సరిహద్దు అయిందట. హాలుకు ఈ చివర శత్రువు పట్టుకున్న దేశం, ఆ చివర తలుపు తీస్తే స్వేచ్ఛ. ఎంతోమంది ఈ గచ్చు మీదే నడిచి దాటిపోయారట. నాకు మా వీధిలో పిల్లలు గుర్తొచ్చారు. పట్టాళం భయానికి ఒక్కొక్కరే ఎటో వెళ్ళిపోతున్నారు, పొద్దున్న టీ తాగిన కుర్రాడు సాయంత్రానికి ఉండడు, ఎటు వెళ్ళాడని ఎవరమూ అడగం. ఆ హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను, ఏ పోలీసూ ఆపలేదు. తలుపు అవతల చెట్లు, పిట్టలు, ఒక ఐస్‌క్రీం బండి.

అక్కడ బెంచీ మీద అడిగాను. మామయ్య గది వేయించాడని, అత్త మంచానికి దోమతెర కుట్టిందని చెప్పాను. కరెంటు సంగతీ, ధరల సంగతీ, రాత్రిళ్ళు భయాల సంగతీ కూడా దాచలేదు, అబద్ధం చెప్పి తీసుకుపోకూడదు కదా. పిన్ని అన్నీ విని, "లెగు, కేబేజీల తోట సూపిస్తాను" అంది. మా ఇంటి మొండితనంలో పెద్ద వాటా ఆమెదే.

విలాండ్రీ

విలాండ్రీలో కోట కన్నా తోట గొప్ప. తోటంటే పూలతోట అనుకునేరు, కూరగాయల మడి. నీలి క్యాబేజీ ఒక గడి, లేత ఆకుకూర ఒక గడి, ఎర్ర కాడల బచ్చలిలాంటిది ఇంకో గడి, చుట్టూ మోకాలెత్తు కంచె మొక్కలు కత్తిరించి పెట్టారు. పైనుంచి చూస్తే శ్రీకాకుళం పెళ్ళిలో ముగ్గేసినట్టు ఉంది. వీటిని ఎవరు తింటారని తోటమాలిని పిన్ని చేత అడిగించాను. రంగు కోసం వేసినవండీ అన్నాడు, ముదిరితే తీసి పనివాళ్ళు ఇళ్ళకు పట్టుకెళతారట. మా దుకాణానికి రోజూ క్యాబేజీ బేరమాడే మనిషిని, రంగు కోసం క్యాబేజీ అంటే గుండె చెరువయింది.

నిమ్మచెట్ల తొట్ల పక్కన నీడలో కూర్చున్నాం. పిన్ని క్యాబేజీల వైపు చూస్తూ అంది, "సింహాద్రన్నకి వారానికి రెండు మాట్లు రగతం కడగతన్నారు గాదా?"

నేను ఉలిక్కిపడ్డాను. "నీకెవులు సెప్పారు?"

"ఎవులు సెప్పాల? మంగళారం, శుక్రారం ఫోన్ ఎత్తడు. ఎత్తిన్నాడు గొంతుక ఎండిపోయినట్టుంటాది. నీళ్ళు కొలుసుకుని తాగతన్నాడు. పియేర్‌కీ ఆకర్న అదే జబ్బు గదే. నాకు తెలీదా?"

"తెలిసీ రానంటన్నావా?" నాకు కోపం ముంచుకొచ్చింది. గట్టిగానే అన్నాను, పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. ఒట్టు వేసిన దగ్గర్నుంచి దాచుకుంటున్న మాట ఆమెకు ముందే తెలుసంటే ఒళ్ళు మండింది. "నీకు నీ తెల్లరాళ్ళే ఎక్కువయిపోనాయి. అక్కడ నీ అన్న..."

"మీ యమ్మ సంగతి మరిసిపోనావా?" అంది.

మరిచిపోలేదు. ఎనిమిదేళ్ళ కిందట మా అమ్మ వారాల తరబడి మంచం మీద ఉంది. గొంతులో నీళ్ళు దిగడం లేదు, కళ్ళు మాత్రం గుమ్మం వైపే. కబురు తెలిసి పిన్ని ఫ్రాన్సు నుంచి వచ్చింది. అమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుంది, ఆమె మొహం తడిమింది, మర్నాడు తెల్లవారకముందే పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు, చెల్లెలి కోసమే ప్రాణం నిలబెట్టుకుందని. మామయ్యా అన్నాడు, నేనూ అన్నాను. ఎంత అదృష్టం పిన్నీ, ఆఖరి చూపు దక్కింది అని నేనే అన్నాను.

"అందరూ మంచి మాటే అనుకుని అన్నారు" అంది పిన్ని. "నాకయితే ఏటనిపించిందో తెలుసా? నాను రాకపోదును, అక్క ఇంకో నెల్లాళ్ళు కాసుకునుండీది. నన్ను సూడ్డమే దానికి ఆకరి పని. నానొచ్చి ఆ పని తీర్సీసినాను. ఇప్పుడు సింహాద్రన్న కాసుకుంటన్నాడు. కాసుకోనీవే. సలికాలం పోయాక వస్తానని సెప్పు."

"అది పిచ్చి నమ్మకం. నువ్వొస్తన్నావో నేదో కిడ్నీలకి తెలుస్తాదా?"

"కిడ్నీకి తెలీదు. మడిసికి తెలుస్తాది."

ఆమె ఏడవడం లేదు, నేనే ఏడ్చాను. ఇందులో నిజమెంత, ఇక్కడి ఇల్లు వదల్లేక చెప్పుకుంటున్న సాకు ఎంత, ఆ రోజు తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ ఉండి ఉండవచ్చు. అన్న బతకాలని కోరుకుంటూ అన్నను చూడకుండా ఉండటం మాత్రం ఆమెకు తేలిక కాదు. తోటలో నడుస్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

ఎదురిల్లు

మూడో నిద్ర అయిన పొద్దున్న బెర్నార్ దగ్గర సెలవు తీసుకున్నాం. డబ్బు సగమే తీసుకున్నాడు, మంచం వాడలేదు కదా అన్నాడు. పిన్ని కారు నడుపుతూ, నిద్రయ్యాక తొలి గడప పుట్టింటివాళ్ళే తొక్కించాలన్న ఆచారం గుర్తుచేసింది. నాకు అర్థమైంది, ఏ గడపో.

ఇంటికొచ్చి తలంటుకుని, అన్న పంపిన పసుపుపచ్చ చీర కట్టుకుంది. ఎన్నాళ్ళయిందో చీర కట్టి, కుచ్చిళ్ళు నేను సర్దాను. ఒడెట్ గుమ్మంలోనే నిలబడి ఉంది, మేం వీధి దాటుతుంటే చూస్తూ. తన్లిన్ తీసుకుపోవడానికి వచ్చినదాన్ని, మా పిన్ని చెయ్యి పట్టుకుని, ఎదురింటి గడప నేనే దాటించాను. దాటుతుంటే నాలో నాకు కష్టంగానే ఉంది. ఒడెట్ పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుని చూసింది. తర్వాత సూపు వడ్డించింది. లీక్స్ అనే ఉల్లికాడల సూపు, ఉప్పు తక్కువ. నాకూ ఒక పళ్ళెం పెట్టింది. ఇద్దరు ముసలమ్మలూ ఇన్ని నెలల కబుర్లు ఒకేసారి మొదలుపెట్టారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను సూపంతా తాగాను.

తన్లిన్

తిరిగొచ్చిన మర్నాడే బస్సెక్కి తన్లిన్ వెళ్ళాను. మామయ్యకు ముందురోజు మిషను మీద అయింది, మొహం వాడి ఉంది. చేతికి పట్టీ. అత్త అన్నం వడ్డిస్తోంది. కొత్తగా సున్నం వేసిన గది తలుపు తెరిచే ఉంది, మంచం మీద దోమతెర కట్టే ఉంది. ఆయన నా వెనక వీధిలోకి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నిద్రయ్యిందా?"

"అయ్యింది మామయ్యా."

"బాగున్నాదా?"

"బాగున్నాది. కారు తోల్తంది. సీర కట్టుకున్నాది, ఫొటో తీశాను సూడు."

ఫోను చేతిలోకి తీసుకుని ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. నేను దారంతా కూడబలుక్కున్న మాట చెప్పాను, చలికాలం పోయాక వస్తానందని. చెబుతూ ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆస్పత్రి మాట మాత్రం నేను చెప్పలేదు, ఒట్టు తప్పలేదు అని కూడా అన్నాను, అడక్కుండానే.

మామయ్య గొంతులోంచి చిన్నగా నవ్వొచ్చింది.

"సలికాలం పోయాకా? అయితే ఈ సలికాలానికి నాకు ఢోకా నేదన్నమాట" అన్నాడు.

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన ఫోను నాకిచ్చేసి, పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

"సలి పోయాక ఇక్కడ ఎండలు మండిపోతాయి. తర్వాత వానలు, వంతెన మీద బస్సులే నడవ్వు. అదేటి పడతాది ఆ అవస్తంతా" అన్నాడు అన్నం కలుపుకుంటూ. "ఫోన్ సెయ్యి దానికి. తొందరేటి నేదని సెప్పు."